న్యూరో డాక్టర్‌కు ఆరు వారాలు ఆగాలట.. ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది నల్గొండ. నాన్నకు 71 ఏళ్లు. కొన్ని నెలలుగా చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, నడిస్తే తూలుతున్నారు. మెడ దగ్గర నరం నొక్కుకుపోయి ఉండొచ్చని ఇక్కడి డాక్టర్ అన్నారు. హైదరాబాద్‌లో ఓ ప్రభుత్వాసుపత్రిలో న్యూరో డాక్టర్ అపాయింట్‌మెంట్ ఆరు వారాల తర్వాత దొరికింది. ఎంఆర్‌ఐకి ఆపైన ఇంకో నెలట. ప్రైవేటులో ఫీజు వెయ్యి, ఎంఆర్‌ఐ 8 వేలు, ఆపరేషన్ పడితే మూడున్నర లక్షలు అన్నారు. నా జీతం 42 వేలు, ఎఫ్‌డీ 4 లక్షలుంది. తెల్ల రేషన్ కార్డు లేదు. ఎఫ్‌డీ తీసేయనా, పర్సనల్ లోన్ పెట్టనా, నాన్న పేరున ఇప్పుడు హెల్త్ పాలసీ తీసుకోనా?

జవాబు: తొమ్మిది వేల ఖర్చునూ మూడున్నర లక్షల ఖర్చునూ మీరు ఒకే మూట కట్టేశారు. విడదీసి చూడండి. మొదటిది జబ్బేమిటో తెలుసుకోవడానికయ్యే ఖర్చు. దానికోసం ఆగొద్దు. ఈ వారమే ప్రైవేటులో చూపించి, డాక్టర్ రాస్తే ఎంఆర్‌ఐ తీయించండి. మెడలో వెన్నుపాము నొక్కుకుపోతుంటే, ఆలస్యమయ్యేకొద్దీ పోయిన పట్టు ఆపరేషన్ చేసినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఈ తొమ్మిది వేలకు ఎఫ్‌డీ ముట్టుకోనక్కర్లేదు, జీతంలోంచే సర్దుకోవచ్చు. ఈలోగా మూత్రం మీద అదుపు తప్పినా, కాళ్లు ఉన్నట్టుండి సహకరించకపోయినా అపాయింట్‌మెంట్ సంగతి వదిలేసి నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ప్రభుత్వాసుపత్రిలో దొరికిన తేదీని మాత్రం వదులుకోకండి. ఫిల్ములు, రిపోర్టు పట్టుకుని ఆ రోజు వెళ్తే స్కానింగ్ కోసం మళ్లీ నెల ఆగే బాధ తప్పుతుంది. తేదీ ముందుకు జరిపిస్తామని ఆసుపత్రి గేటు దగ్గర పలకరించేవాళ్లకు రూపాయి ఇవ్వకండి.

ఇక ఆపరేషన్. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా నగదు రహిత చికిత్స ఇచ్చేలా కేంద్రం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ వయ వందన కార్డు తెచ్చింది. ఆధార్ చాలు, రేషన్ కార్డు అడగరు. పాత జబ్బులకు ఇన్నాళ్లు ఆగాలనే గడువు (వెయిటింగ్ పీరియడ్) లేదు. అయితే అది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, ఓపీ ఫీజు ఇవ్వదు. మొదటి ఖర్చు మీ జేబులోంచే పెట్టమన్నది అందుకే. కార్డు ఇప్పుడే తీసుకోండి, జబ్బు తేలాక కాదు. కార్డుంది కదా అని ఏ ఆసుపత్రికి పడితే ఆ ఆసుపత్రికి బయల్దేరొద్దు. ‘ఈ కార్డు మీద మెడ వెన్నుపూస ఆపరేషన్ చేస్తున్నారా?’ అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసిన రోజులు మన రాష్ట్రంలో చూశాం కదా.

కొత్త పాలసీ ఈ ఆపరేషన్‌కు అక్కరకు రాదు. ముందు నుంచీ ఉన్న జబ్బులకు బీమా సంస్థలు 36 నెలల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. ‘తిమ్మిర్ల సంగతి రాయకండి సార్’ అనే ఏజెంట్ దొరకవచ్చు, వినకండి. దాచినట్టు తేలితే క్లెయిమ్ పోతుంది. దానికంటే మీ ఆఫీసు గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులను చేర్చుకోనిస్తారేమో హెచ్‌ఆర్‌ను అడగండి. చాలా గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది. కాకపోతే చేరినప్పుడో రెన్యువల్ అప్పుడో మాత్రమే పేర్లు చేర్చుకుంటారు.

ఈ దారులన్నీ మూసుకుపోయి, ఆపరేషన్ ఆపలేమని డాక్టర్ తేల్చేస్తే అప్పుడు ఎఫ్‌డీ. అప్పుడు కూడా దాన్ని విరగ్గొట్టే ముందు, దానిమీద లోన్ ఎంతిస్తారో బ్యాంకులో అడగండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం కలిపి తీసుకుంటారు. ఏడాదిలోపు తీర్చగలిగితే అదే నయం, తీర్చలేరనుకుంటే ఎఫ్‌డీ తీసేయండి. పర్సనల్ లోన్ జోలికి మాత్రం పోవద్దు.

బిల్లులు యూపీఐతోనో కార్డుతోనో కట్టి రసీదులు దాచుకోండి. నాన్నగారికి హెల్త్ పాలసీ లేదు కాబట్టి, మీరు పాత పన్ను విధానంలో ఉంటే ఆయన వైద్య ఖర్చు మీద ఏడాదికి 50 వేల దాకా మినహాయింపు అడగొచ్చు. నగదుగా కట్టినదానికి అది రాదు.