రేసింగ్ గేమ్‌లో మలుపు దగ్గర కారును లోపలి అంచు వెంటే తిప్పితే ఎందుకు వెనకబడతాం?

లోపలి అంచు వెంట వంపు బిగుతుగా ఉండి వేగం బాగా తగ్గించాల్సి వస్తుంది కాబట్టి వెనకబడతాం. టైర్ల పట్టుకు ఒక హద్దుంది. వంపు వ్యాసార్థం రెట్టింపైతే అదే పట్టుతో సుమారు 1.4 రెట్ల వేగంతో తిరగొచ్చు. అందుకే బయటి అంచున మొదలై, లోపలి అంచును తాకి, మళ్లీ బయటికి రావాలి, అప్పుడు వంపు వ్యాసార్థం పెరుగుతుంది. (ఇది ట్రాక్‌కే. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్ మలుపుల్లో ఎదురుగా బస్సులొస్తాయి, అక్కడ అస్సలు వద్దు.)

ఇటలీలోని మోంజా రేస్ ట్రాక్‌లో చివరి మలుపు పారబోలికా చూడండి. దాని తర్వాత కిలోమీటరుకు పైగా నేరు దారి. లోపలి అంచును కాస్త ఆలస్యంగా తాకితే కారు ముందే నేరుగా అవుతుంది, యాక్సిలరేటర్ త్వరగా తొక్కొచ్చు. మలుపులో కొంచెం టైమ్ పోయినా, బయటపడేటప్పుడు పెరిగిన వేగం ఆ నేరు దారంతా కలిసొస్తుంది.

తక్కువ దూరమంటే తక్కువ టైమ్ అని చాలామంది అనుకుంటారు, అది తప్పు. ఎటు వెళ్లాలో ట్రాక్ మీద గేమ్ చూపే రంగు గీత కూడా సాధారణ సూచనే. బ్రేక్ ఎక్కడ వేయాలో దాంతో తెలిశాక ఆ గీతను ఆపేసి, ట్రాక్ పక్కన బోర్డులను గుర్తుపెట్టుకుని ఆడండి.