ఇంట్లోనూ టీచరేనా?

ప్రశ్న: మేడమ్, ఒకటో తరగతికి చెబుతున్నాను. సాయంత్రానికి గొంతు, ఓపిక రెండూ అయిపోతున్నాయి. ఇంట్లో నా బిడ్డ పిలిస్తే విసుక్కుంటున్నాను. మీరెలా నెట్టుకొచ్చారు?

జవాబు: ముందు గొంతు సంగతి చూడండమ్మా. ఆరేళ్ల పిల్లలు అరుపుకంటే చప్పట్లకు, చేతి సైగకు త్వరగా సద్దుమణుగుతారు. గొంతు బొంగురుపోతే గుసగుసగా మాట్లాడకండి, అది ఇంకా శ్రమ. నోట్‌బుక్కులు నేను బడిలోనే, పిల్లలు రాస్తుండగా పక్కన కూర్చుని దిద్దేదాన్ని. తప్పు అప్పుడే చూపిస్తే వాళ్లకు బాగా ఎక్కుతుంది, మనకు ఇంటికి మోత తప్పుతుంది. ఇంటికి రాగానే కాసేపు ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. మావారికీ అది తెలుసు. తర్వాత మా అమ్మాయి చెప్పేదంతా వినేదాన్ని, మధ్యలో మాట దిద్దకుండా. టీచర్ల పిల్లలకు ఇంట్లోనూ టీచరే ఎదురవడం అన్యాయం. హోంవర్కు వీలైతే వాళ్ల నాన్నకు అప్పగించండి.