ముందు మీ ఆయనతోనే మొదలుపెట్టండి

బాబుకి తొమ్మిదేళ్లు, పాప ఇంటర్ ఫస్టియర్, మా ఆయన క్రెడిట్ కార్డుకి నెలనెలా మినిమమ్, అంటే బిల్లులో కట్టి తీరాల్సిన కనీస మొత్తం మాత్రమే కట్టి ఊరుకుంటారు, డబ్బు సంగతులు నేర్పడం ఎవరితో మొదలుపెట్టాలి అని అడిగారు. మీ ఆయనతోనే మొదలుపెట్టండి. పెద్దవాళ్లు అప్పు మీద ఎంత కడుతున్నారో తెలియని ఇంట్లో పిల్లలకు పొదుపు గురించి ఎంత చెప్పినా వాళ్లకది స్కూల్లో ఇంకో సబ్జెక్టులాగే ఉంటుంది.

నేను హైదరాబాద్‌లో ఒక బ్యాంకులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం గోల్డ్ లోన్ కౌంటర్‌లోనే ఉన్నాను. ఒకసారి ఒక పెద్దావిడ నాలుగు గాజులు తెచ్చారు. పక్కన కొడుకు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కార్డు బాకీ తీర్చడానికి లోన్ కావాలన్నారు. అప్రైజర్ గాజుని గీటురాయి మీద గీసి యాసిడ్ చుక్క వేస్తుంటే ఆవిడ కళ్లు దాని మీదే ఉన్నాయి. చూపు తిప్పకుండానే “కార్డువాళ్లు వడ్డీ ఎంత తీసుకుంటార్రా?” అని అడిగారు. “త్రీ పాయింట్ ఫైవ్ పర్సెంట్” అన్నాడు. “నెలకా, ఏడాదికా?” అబ్బాయి నా వైపు చూశాడు. నెలకే అని చెప్పాను. “మూడున్నర రూపాయల వడ్డీనా! మా ఊళ్లో ఫైనాన్స్ వాళ్లు కూడా రెండు రూపాయలే కదరా తీసుకునేది” అన్నారావిడ. ఆవిడ లోన్ కాగితం మీద వేలిముద్ర వేశారు, కానీ లెక్కలో కొడుకు కంటే ముందున్నారు.

అప్పటి నుంచి ఎవరికి చెప్పినా ఈ పద్ధతిలోనే చెప్తున్నాను. నూటికి నెలకి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. ఏ అప్పునైనా, ఏ డిపాజిట్‌నైనా ఈ కొలతలోకి తెచ్చి పక్కపక్కన పెట్టండి. ఇంటి లోన్ ముప్పావలాకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద మనకొచ్చేది అర్ధరూపాయి, ఆ పైన కొన్ని పైసలు. క్రెడిట్ కార్డు బాకీ మీద చాలా బ్యాంకులు తీసుకునేది మూడు, మూడున్నర, ఇంకా పైన కూడా. ఒకే ఇంట్లో అర్ధరూపాయికి ఎఫ్‌డీ, మూడున్నరకి కార్డు బాకీ రెండూ ఉండటం నేను కౌంటర్‌లో కూర్చుని ఎన్నోసార్లు చూశాను. ఎఫ్‌డీ మీద చెయ్యి వేయకూడదన్న సెంటిమెంట్ నాకు అర్థమవుతుంది. కానీ అలాంటప్పుడు ఎఫ్‌డీ తీసేసి కార్డు కట్టెయ్యడమే మేలు.

మినిమమ్ సంగతి చూద్దాం. బాకీ 50,000, నెలకి మూడున్నర, మినిమమ్ 5 శాతం అనుకుందాం. ఆ నెల వడ్డీ 1,750. దాని మీద 18 శాతం జీఎస్టీ 315. మీరు కట్టిన 2,500లో 2,065 వాటికే పోయింది. అసలు తగ్గింది 435 రూపాయలే. పైగా బిల్లు పూర్తిగా కట్టనంత కాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా దొరకదు. నిన్న కొన్న పాల ప్యాకెట్ మీద కూడా వడ్డీ నడుస్తూ ఉంటుంది. ఈ లెక్క మీ ఆయన ముందు మీరు చెయ్యొద్దు. స్టేట్‌మెంట్ తీసి, క్యాలిక్యులేటర్ పాప చేతికివ్వండి. తప్పు పట్టినట్టు ఉండదు, ఇద్దరికీ ఒకేసారి అర్థమవుతుంది.

“ఫ్లాట్ రేటు” అనే మాట వినిపిస్తే మాత్రం జాగ్రత్త. 10 శాతం ఫ్లాట్ అంటే మనం తీర్చేసిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ వేస్తారు. తగ్గుతున్న బాకీ మీద లెక్క కడితే అది 18 శాతం దగ్గర తేలుతుంది, అంటే రూపాయిన్నర. బండి లోన్ల దగ్గర ఈ మాట ఎక్కువ వినిపిస్తుంది.

ఇక బాబు. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఫోన్‌తో స్కాన్ చేయడం నేర్పకండి, నోట్లు ఇవ్వండి. స్కాన్ చేస్తే టింగుమని చప్పుడొస్తుంది తప్ప చేతిలోంచి ఏదీ పోయినట్టు ఉండదు. మా మనవణ్ణి ఆదివారాలు ఎర్రగడ్డ రైతు బజార్‌కి తీసుకెళ్లేదాన్ని. రెండొందల నోటు చేతికిచ్చి, టమాటా, ఉల్లిగడ్డ, రెండు కట్టల పాలకూర నువ్వే కొను, మిగిలింది నీది అన్నాను. మిగిలేది తనదే అనేసరికి చవగ్గా వస్తున్నాయని మెత్తబడ్డ టమాటాలు కొన్నాడు. మంగళవారానికి సగం పారేశాం. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. పై వారం గేటు దగ్గర బోర్డు మీది రేట్లు చదివి, ఒక్కో టమాటా నొక్కి చూసి ఏరుకున్నాడు. వాళ్లమ్మ కూడా అంత ఓపిగ్గా ఏరదు!

మీ బాబుకి పదేళ్లు నిండాక బ్యాంకుకి తీసుకెళ్లండి. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఎంత మొత్తం వరకు అన్నది బ్యాంకు ఇష్టం. గల్లాలోని చిల్లర వాడే లెక్కపెట్టి, డిపాజిట్ స్లిప్ వాడే నింపాలి. కొన్ని నెలల తర్వాత పాస్‌బుక్ ప్రింట్ చేయించి, వడ్డీ పడిన లైను ఎక్కడుందో వాణ్ణే వెతకమనండి.

పాప విషయంలో నాకు ఎక్కువ భయం. పొదుపు చేస్తుందా లేదా అని కాదు, ఈ వయసు పిల్లల కోసమే కాచుకుని ఉన్నవాళ్లు ఉన్నారని. “నీ అకౌంట్, ఏటీఎం కార్డు, సిమ్ కొన్నాళ్లు ఇవ్వు, కమీషన్ ఇస్తాం” అని కాలేజీ పిల్లల్ని అడుగుతారు. ఎక్కడో ఎవరినో మోసం చేసి లాగిన డబ్బు ఆ అకౌంట్ గుండా పోతుంది. పోలీసులు ముందుగా వచ్చేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల దగ్గరికే. ప్రాణ స్నేహితురాలు అడిగినా అకౌంట్ ఇవ్వకూడదని ఇప్పుడే, సూటిగా చెప్పండి. డబ్బు మనకి రావాలంటే యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదు, పిన్ అడిగారంటే మన డబ్బు పోతోందనే. పొరపాటున పోతే ఇంట్లో తిడతారని దాచిపెట్టకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. అందుకే తిట్టబోమని మీరు ముందే మాట ఇవ్వండి.

లోన్ యాప్‌ల గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడండి. 2020 చివర్లో ఆ యాప్‌ల వేధింపులకి మన దగ్గర కొందరు ప్రాణాలే తీసుకున్నారు, పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. పాపకి ఈ లెక్క ఇవ్వండి: 5,000 అప్పని చెప్పి చేతికి 3,500 ఇచ్చారు, వారం తిరిగేసరికి 5,000 కట్టమన్నారు. అప్పుడు వడ్డీ ఎంత? నూటికి దాదాపు 43 రూపాయలు, అదీ వారానికి. 2022లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన నిబంధనల ప్రకారం అప్పిచ్చే యాప్ మన కాంటాక్టులు, ఫోటోలు చూడకూడదు. ఖర్చులన్నీ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో ముందే రాసి చూపించాలి. కాంటాక్ట్స్‌కి పర్మిషన్ అడిగితే ఆ యాప్ అక్కడే తీసేయొచ్చు.

ఇంట్లో అత్తగారుంటే చిట్టీ గురించి ఆవిడ చేతే చెప్పించండి. ముందే పాడి ఎత్తుకున్నవాళ్లు అప్పు తీసుకున్నట్టు, చివరిదాకా ఆగినవాళ్లు దాచుకున్నట్టు అని ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది 1982 చట్టం కింద రిజిస్టరైన చిట్టీయేనా అన్నది మాత్రం మీరు చూడండి. తెలిసినవాళ్లే కదా అని నడిపే చిట్టీలో డబ్బు ఆగిపోతే రాబట్టుకోవడం చాలా కష్టం.

మీ ఆయన సిబిల్ రిపోర్టు, అంటే ఆయన అప్పుల చరిత్ర ఉండే కాగితం కూడా ఒకసారి తెప్పించండి. పూర్తి రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. కానీ నేనైతే ముందు చూసేది స్కోరు కాదు, ఎవరికైనా షూరిటీ సంతకం పెట్టిన లోన్ అందులో ఉందా అని. వాళ్లు కట్టకపోతే ఆ మచ్చ ఈయన రిపోర్టులోనూ పడుతుంది. బ్యాంకు వాళ్లు ఫోన్ చేసి సగం కట్టండి, సెటిల్ చేస్తాం అంటే తొందరపడొద్దు. రిపోర్టులో క్లోజ్డ్ అని కాకుండా సెటిల్డ్ అని పడుతుంది, రేపు ఇంటి లోన్‌కి వెళ్తే దాని గురించే అడుగుతారు.

కార్డు బాకీ మొత్తం, నెలకి వేస్తున్న వడ్డీ శాతం, మీరు నెలకి ఎంత కట్టగలరు, ఈ మూడూ ఇక్కడ రాయండి. ఎన్ని నెలల్లో తీరుతుందో లెక్క వేసి చెప్తాను. కార్డు నంబర్, బ్యాంకు పేరు రాయకండి, వాటితో నాకు పనిలేదు.