మార్పులు చేయని బొలెరోతో ఆఫ్‌రోడ్ ఎట్లా మొదలుపెట్టాలి?

నల్గొండలో ఉంటున్నానని, రెండు చక్రాల డ్రైవ్ (ఇంజను బలం వెనక చక్రాలకే పోయే) బొలెరో ఉందని, టైర్లు, సస్పెన్షన్ మార్చకుండానే ఆఫ్‌రోడ్, అంటే రోడ్డు లేని చోట బండి నడపడం, నేర్చుకోవచ్చా అని ఒకరు అడిగారు. నేర్చుకోవచ్చు అన్నా. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్టు జోలికి ఇప్పుడే పోకండి. టైరు గాలి కొలిచే గేజ్, 12 వోల్టుల గాలి పంపు, పార, గడ్డపార, జాకీ కింద పెట్టడానికి మందమైన చెక్క, బండిని లాగడానికి మంచి టోయింగ్ బెల్టు ఉంటే చాలు.

అన్నిటికన్నా ముందు గాలి సంగతి. గుంతల బండ్లబాటకు 24 పీఎస్ఐ, మెత్తటి మట్టికి 20 దాకా దించండి. టైరు పొడవునా పరుచుకుని నేలను పట్టుకుంటుంది. 15 కన్నా కిందికి దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. గాలి తగ్గినప్పుడు పక్కలు ఉబ్బుతాయి, వాటికి పదునైన రాళ్లు తగలనీయకండి. తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపాల్సిందే, లేకపోతే వేడెక్కి పగులుతుంది.

నేర్చుకోవడానికి దేవరకొండ, డిండి వైపు ఎర్ర చెల్కలు మంచివి, వాన పడ్డా తొందరగా ఆరతాయి. రైతును అడిగి, పంట లేని చోటే దిగండి. అలంపూర్ వైపు నల్లరేగడి అట్లా కాదు. తడిస్తే టైరు గాడులన్నీ మట్టితో నిండి నున్నగా అయిపోతాయి, ఇక పట్టు ఎక్కడిది? బాగా ఎండేదాకా ఆగండి. ఎండిన చెరువును అసలు నమ్మకండి. పైన పగుళ్లిచ్చినా కింద బురదే ఉండొచ్చు. గడ్డపార దింపి చూడండి, కొన తడిగా వస్తే వెనక్కి తిప్పేయండి. వాగు ఇసుక రెండు చక్రాల డ్రైవ్ బండికి పనికిరాదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో బాట దిగడం నేరం, అటు పోకండి.

బొలెరోకు వెనక ఇరుసు మధ్యలో ఉండే, రెండు చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ గుండు కిందికి దిగి ఉంటుంది. రాయిని రెండు చక్రాల నడుమ తీసుకుంటే అది తగులుతుంది. అందుకే రాయి మీదికి టైరునే ఎక్కించండి, మొదటి గేరులో, మనిషి నడక వేగంతో. బొటనవేళ్లు స్టీరింగు లోపల పెట్టకండి, చక్రం రాయికి తగిలితే స్టీరింగు ఒక్కసారిగా తిరిగి వేలు విరగ్గొడుతుంది.

వెనక చక్రం ఒకటే గిర్రున తిరుగుతుంటే ఎక్సలరేటర్ తొక్కితే ఇంకా లోతుకు పోతుంది. హ్యాండ్‌బ్రేకు రెండు మూడు టిక్కులు లాగి, మెల్లగా ఎక్సలరేటర్ ఇవ్వండి. తిరిగే చక్రానికి అడ్డు పడి, రెండో చక్రానికి బలం అందుతుంది. చాలాసార్లు దీంతోనే బయటపడొచ్చు. వెనక సీటులో ఇద్దర్ని కూర్చోబెడితే పట్టు పెరుగుతుంది. అయినా కదలకపోతే చక్రాల ముందు మట్టి తవ్వి, ట్రాక్టరుకు కట్టండి. బెల్టు బంపరుకు కాదు, ఛాసిస్ కొక్కేనికి. కుదుపు ఇవ్వకుండా మెల్లగా లాగమనండి, దగ్గర ఎవరినీ నిలబడనీయకండి.

దిబ్బ ఎక్కినా దిగినా నిటారుగానే, అడ్డంగా వద్దు. దిగేటప్పుడు క్లచ్ తొక్కకండి. ఎక్కుతూ ఆగిపోతే బ్రేకు పట్టి, రివర్సు వేసి, తిన్నగా వెనక్కి దింపండి.

నీళ్లలోకి ముందు మీరు నడిచి చూడండి. చక్రం మధ్య దాకా లోతుంటే అదే హద్దు. ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, సిలిండర్లోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఇంటికొచ్చాక రిమ్ముల లోపలి మట్టి కడిగేయండి. ఎండి అంటుకుంటే హైవే మీద 80 దాటగానే స్టీరింగు వణుకుతుంది.