గోల్డ్‌ఫిష్ పైకొచ్చి నోరు తెరుస్తోందంటే

రెండు గోల్డ్‌ఫిష్‌లని చిన్న గాజు బౌల్‌లో వేశానని, రోజూ నీళ్లన్నీ మారుస్తున్నా పైకొచ్చి నోరు తెరుస్తున్నాయని రాశారు. టెన్షన్ పడకండి, జబ్బు కాకపోవచ్చు. ఇబ్బంది ఆ నీళ్లతోనే అనిపిస్తోంది.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే అది మొప్పల్ని కాల్చేస్తుంది. చేపలు వదిలే అమ్మోనియా చిన్న బౌల్‌లో గంటల్లోనే పేరుకుంటుంది. ఇప్పుడే పెద్ద టబ్బులోకి మార్చి, ఎయిర్ పంప్ పెట్టండి. కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు కలపడం మరవద్దు.

తర్వాత ఫిల్టర్‌తో కనీసం 80 లీటర్ల ట్యాంక్ తీసుకోండి. బౌల్ అమ్మిన షాపువాళ్లు ఈ మాట చెప్పరు లెండి! అమ్మోనియాను తినే మంచి బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందాకా రెండు రోజులకోసారి పావు వంతు నీళ్లే మార్చండి. స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, ట్యాంకులోంచి తీసిన నీళ్లలో పిండితే చాలు. నేనూ మొదట్లో సబ్బు పెట్టి మరీ తోమాను, వారంలో నీళ్లు పాలలా తెల్లబడ్డాయి.

మేత రెండు పూటలా, నిమిషంలో తినేసేంతే. ఈ రెండు రోజులు మాత్రం అసలు వేయకండి, ఏం కాదు.