ఆ ఒంటి కోతిని తరమకండి

"ఒకే గుంపులో ఒకే జబ్బు సోకినా కొన్ని కోతులు చనిపోయి, కొన్ని ఎందుకు కోలుకుంటాయి?" అని అడిగారు. వయసు, తిండి అని ఇప్పటికే చాలామంది రాశారు. నేను మాత్రం ఒంటరి మగకోతి గురించి చెబుతాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడి, కొబ్బరి తోటలు. 2016 వేసవిలో చెవి చీలిన రీసస్ జాతి మగకోతి ఒకటి ఒంటరిగా మా వైపు వచ్చింది. ఊరంతా వడిసెలలు పట్టుకుని తరిమారు. "వదిలేయండిరా, దాని బతుకేదో అది వెతుక్కుంటోంది" అని మా నాన్న ఒక్కరే అడ్డుపడ్డారు. నెలన్నర గట్ల వెంట తిరిగి, కరిపించుకుని, చివరికి గుంపులో చేరింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా చెట్లను కూల్చేసింది. ఆ వెనకే కోతులకు విరేచనాలు పట్టుకున్నాయి. గుంపును ఏలిన పెద్ద మగకోతి చెట్టెక్కే ఓపిక లేక, మూడు రోజులు మా బావి గట్టు మీద తల వాల్చి కూర్చుని అక్కడే పోయింది. ముప్పైకి పైగా ఉన్నవాటిలో సగమే మిగిలాయి. ఇలాంటప్పుడు ముందు పోయేవి పిల్లలు. ఇక్కడ మాత్రం ఆ రెండేళ్లలో పుట్టిన పిల్లలే ఎక్కువ బతికాయి. అవి చెవి చీలిన దాని సంతానమేనని, అది తెచ్చిన కొత్త జన్యువులే వాటిని కాపాడాయని నా నమ్మకం.

ఎందుకంటే, క్రిమి ముక్కను కణం పైకి తెచ్చి రక్షక కణాలకు పట్టి చూపించే ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు అన్ని కోతుల్లో ఒకటి కావు. మనుషుల్లో వాటిలో ముఖ్యమైనవి ఎ, బి, సి అని మూడు. రీసస్ కోతికి సి లేదు, కానీ ఎ, బి జన్యువులు ఒక్కొక్కటి కాదు, ఎన్నో ఉంటాయి. ఆ సంఖ్య కూడా కోతికీ కోతికీ మారుతుంది. ప్రయోగశాలలో, మనుషుల హెచ్‌ఐవీ లాంటిదే అయి కోతులకు సోకే ఎస్‌ఐవీ వైరస్ ఎక్కించినప్పుడు, దాన్ని అణచగలిగిన రీసస్ కోతుల్లో బి జన్యువులకు చెందిన బి-08, బి-17 రకాలు ఎక్కువగా కనిపించాయి. అదే మారిషస్ దీవిలో చూడండి. నావికులు శతాబ్దాల కిందట వదిలిన కొద్దిపాటి పొడవుతోక కోతుల సంతతి వేలకు వేలు పెరిగింది. అయినా తల్లిదండ్రుల నుంచి మూటగా వచ్చే ఈ జన్యువుల్లో అక్కడ ప్రధానంగా ఏడు మూటలే ఉన్నాయి. కొత్త రక్తం రావడానికి చుట్టూ సముద్రమాయె.

మన దగ్గర ఆ కొత్త రక్తాన్ని మోసుకొచ్చేది ఎదిగాక పుట్టిన గుంపు వదిలి వచ్చే మగకోతే. జనం మొదట బోను పెట్టేది దానికే! గుడి మెట్ల మీద బిస్కెట్లు విసిరి కోతులకు రుచి మరిగించేది మనమే, మీదికి వస్తున్నాయని రాత్రికి రాత్రి వ్యానులో ఎక్కించి పక్క మండలంలో దించేదీ మనమే. కొబ్బరి పోగొట్టుకున్న రైతు కోపం నాకు తెలుసు, నేనూ పోగొట్టుకున్నాను. అయినా గుంపును చీల్చి ఎక్కడెక్కడో పారేయడం నేను ఒప్పుకోను.

ఈ వేసవిలో మా తోట చివర మళ్లీ ఒక ఒంటి మగకోతి తిరుగుతోంది. జీడిపండ్లు కొరికి పారేస్తోంది. మా వాళ్ల చేతుల్లో వడిసెలలు తీసి లోపల పెట్టేశాను.