కంటబడిన లోపం సరే, కంటబడనిది?

ప్రశ్న: మేం నలుగురం కలిసి ఒక బుకింగ్ యాప్ తయారుచేస్తున్నాం. సెక్యూరిటీ లోపం ఏదైనా కంటబడితే ఆ రోజే సరిచేసేస్తాం. ఈమధ్య ఒక పెద్ద క్లయింట్ 'మీ సెక్యూరిటీ ప్రాసెస్ రాసి పంపండి' అన్నారు. మా దగ్గర అలాంటిదేమీ లేదు. నలుగురికి ఆ తతంగమంతా అవసరమా?

జవాబు: తతంగం అక్కర్లేదు. కానీ క్లయింట్ అడిగినదాంట్లో న్యాయం ఉంది. మీరు రాసిన 'కంటబడితే' దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది.

లింకు చివర నంబరు మారిస్తే వేరేవాళ్ల బుకింగ్ తెరుచుకుంటోందని ఎవరో చెప్పారనుకుందాం. మీరు ఆ పేజీలో 'ఈ బుకింగ్ వీళ్లదేనా?' అని చూసే చెక్ పెట్టేస్తారు. మరి రసీదు డౌన్‌లోడ్ మాటేమిటి? క్యాన్సిల్ బటన్ వెనక ఉన్న ఏపీఐ (యాప్ సర్వర్‌తో మాట్లాడే దారి)? రాసింది అవే చేతులు కాబట్టి అదే పొరపాటు అక్కడా ఉండే అవకాశం ఎక్కువ. వెబ్ సెక్యూరిటీ మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన ముఖ్యమైన లోపాల జాబితాలో మొదటి స్థానం ఈ రకం లోపాలదే. అందుకే ఆ చెక్‌ని పేజీకొకటి చొప్పున అతికించకుండా, డేటా బయటికొచ్చే ఒక్క చోట పెట్టండి. ఒకరి లాగిన్‌తో ఇంకొకరి బుకింగ్ అడిగితే 'కుదరదు' అని రావాలంటూ ఒక టెస్ట్ రాసి, ప్రతి బిల్డ్‌లోనూ, అంటే కోడ్ నుంచి యాప్‌ని తయారుచేసిన ప్రతిసారీ, నడపండి. ఆ కోడ్ రాసిన మనిషి రేపు సెలవులో ఉన్నా టెస్ట్ ఉంటుంది. నేను పద్ధతి అనేది దీన్నే.

మైక్రోసాఫ్ట్ కూడా దెబ్బలు తిన్నాకే ఈ దారికొచ్చింది. 2001లో తమంతట తామే పాకే కోడ్ రెడ్, నిమ్డా వర్మ్‌లు సర్వర్లను కుదిపేశాయి. 2002 జనవరిలో సెక్యూరిటీకే మొదటి ప్రాధాన్యం అంటూ బిల్ గేట్స్ ఉద్యోగులకు మెమో పంపారు. విండోస్‌లో కొత్త ఫీచర్ల పని కొన్ని వారాలు ఆపి మరీ లోపాలు వెతికించారు. సాఫ్ట్‌వేర్ తయారీలో అడుగడుగునా సెక్యూరిటీ చూసే ఎస్‌డీఎల్ అనే పద్ధతి అక్కడ తప్పనిసరైంది 2004లో.

అలాగని కాగితం ఉంటే చాలనుకోవద్దు. 2017 మార్చిలో వెబ్ యాప్‌ల తయారీకి వాడే అపాచీ స్ట్రట్స్‌లోని ఒక లోపానికి ప్యాచ్ (దాన్ని సరిచేసే అప్‌డేట్) వచ్చింది. జనం అప్పుల వివరాలు ఉంచే అమెరికా సంస్థ ఈక్విఫ్యాక్స్‌లో ప్యాచ్ వేయమని మెయిళ్లు వెళ్లాయి, స్కాన్ కూడా చేశారు. లోపమున్న సిస్టమ్ మాత్రం ఆ స్కాన్‌కి చిక్కలేదు. ఏది ఎక్కడ నడుస్తోందో చెప్పే సరైన జాబితా వాళ్ల దగ్గర లేదు. చివరికి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు దొంగల చేతికి పోయాయి.

కాబట్టి ముందు మీరు వాడే లైబ్రరీలు (ఇతరులు రాసిన రెడీమేడ్ కోడ్), వాటి వెర్షన్ల జాబితా తయారుచేసుకోండి. వాటి అప్‌డేట్లు చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి. కొత్త ఫీచర్ మొదలుపెట్టేముందు అరగంట కూర్చుని 'దీన్ని దుర్వినియోగం చేయాలంటే మనమైతే ఏం చేస్తాం?' అని మాట్లాడుకుని, తేలింది రాసిపెట్టండి. ఇదంతా ఒక పేజీలో రాసి క్లయింట్‌కి పంపండి. దయచేసి నెట్‌లో దొరికే నలభై పేజీల టెంప్లేట్‌లో పేరు మార్చి మాత్రం పంపకండి. మూడో పేజీలో ఉన్నదేంటో చెప్పమని ఆడిటర్ అడిగితే నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకోవాల్సి వస్తుంది.

ప్రశ్న: పొరపాటున డేటాబేస్ పాస్‌వర్డ్‌ని గిట్‌లోకి పుష్ చేశాను. వెంటనే డిలీట్ చేసి మళ్లీ కమిట్ చేశాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. గిట్ కోడ్‌లో ప్రతి మార్పునీ దాచుకుంటుంది కాబట్టి, పాత కమిట్‌లో (అంతకుముందు సేవ్ చేసిన రూపంలో) అది అలాగే ఉంటుంది. ముందు పాస్‌వర్డ్ మార్చేయండి, హిస్టరీ శుభ్రం చేయడం తర్వాత చూసుకోవచ్చు. కోడ్‌లో మిగిలిపోయిన పాస్‌వర్డ్‌లను వెతికే గిట్‌లీక్స్ లాంటి టూల్‌ని కమిట్‌కి ముందే నడిచేలా పెట్టుకుంటే, ఈసారి పుష్ దాకా వెళ్లకముందే అది ఆపే అవకాశం ఉంది.